సొంత డప్పు కొట్టుకోకుండా పాట నలుగురి చెవిన పడాలంటే ఏ దారి మేలు?

రెండేళ్ల కిందట ఒక చిన్న ఆల్బమ్ వదిలిన వారంలో సరదాకి లెక్క రాసుకున్నాను. ఆ వారం గిటార్ చేతిలో ఉన్నది నాలుగు గంటలు. పాట గురించి పోస్టులు రాయడం, ముప్పై సెకన్ల ముక్కలు కత్తిరించడం, కవర్ బొమ్మను మూడు సైజుల్లోకి మార్చడం, ఆ తర్వాత ఎవరైనా చూశారా లేదా అని ఫోన్ తీసి తీసి చూసుకోవడం, ఇదంతా కలిపితే పదకొండు గంటలు. నేను పాటలు కట్టేవాడినా, డప్పు కొట్టేవాడినా అని నా మీద నాకే అనుమానం వచ్చింది.

ఆ పదకొండు గంటలకు దక్కినవి కొన్ని లైకులు, రెండు చప్పట్ల ఎమోజీలు. ఆ ఆల్బమ్ గురించి ఇప్పటికీ గుర్తున్న మాట మాత్రం వేరే చోటు నుంచి వచ్చింది. ఆల్బమ్ కొనుక్కున్న ఒకాయన డబ్బుతో పాటు ఒక్క లైను రాశారు: "మూడో పాటలో కుర్చీ కిర్రుమన్న చప్పుడు తీసేయకుండా ఉంచినందుకు థాంక్స్." నిజానికి నేను తీయడం మర్చిపోయాను, అంతే. అయినా ఎవరో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అంత దగ్గరగా విన్నారని తెలిసింది. ఆ ఒక్క లైనుతో నాలుగు నెలలు పాటలు రాశాను.

సొంతంగా పాటలు చేసుకునే మనకు రెండు కోరికలు కలగాపులగంగా ఉంటాయి. ఎక్కువమంది వినాలి, విన్నవాళ్లు పలకాలి. ఈ రెండూ ఒకే చోట దొరకడం అరుదు. ఒకదాని కోసం వెళ్లి రెండోది దొరకలేదని కుంగిపోతాం. అందుకే ఏ దారినైనా ఇప్పుడు మూడు ప్రశ్నలతో చూస్తున్నాను. పాట తరఫున మాట్లాడేది ఎవరు, నేనా, యంత్రమా, ఇంకో మనిషా? విన్నది ఎవరో నాకు తెలుస్తుందా? నేను ఎన్నాళ్లకోసారి కనపడాలి?

స్ట్రీమింగ్ దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే అందరూ అక్కడే మొదలుపెడతారు. స్పాటిఫై లాంటి చోట పాట మనం నేరుగా ఎక్కించలేం, డిస్ట్రిబ్యూటర్ (పాటను ఇలాంటి చోట్లకు చేర్చే మధ్యవర్తి) ద్వారా పంపాలి. డిస్ట్రిబ్యూటర్లలో కొందరు ఏడాదికింత అని ఫీజు తీసుకుంటారు, కొందరు రాబడిలో వాటా తీసుకుంటారు. ఏడాది ఫీజు తీసుకునే కొన్ని చోట్ల కట్టడం ఆపేస్తే పాటలు దిగిపోతాయి. రెండేళ్లకో పాట చేసేవాళ్లు ఈ షరతు ముందే చదువుకోవాలి. అలాంటివాళ్లకు వాటా పద్ధతే నయం.

మొహమాటస్తులకు స్ట్రీమింగ్‌లో ఒక మంచి సంగతి ఉంది. విడుదలకు కనీసం 7 రోజుల ముందు కళాకారుల కోసం ఉన్న స్పాటిఫై ఫర్ ఆర్టిస్ట్స్‌లో పిచ్ ఫారం (ఎడిటర్లకు పాటను పరిచయం చేసే ఫారం) నింపితే, ఆ పాట మనల్ని ఫాలో అయ్యేవాళ్ల రిలీజ్ రాడార్ అనే కొత్త పాటల ప్లేలిస్టులో తనంతట తనే చేరుతుంది. ఎడిటర్లు కూడా దాన్ని చూసే అవకాశం ఉంటుంది. ఒక్క ఫారం, ఒక్కసారి. ఎవరినీ బతిమాలక్కర్లేదు. నేనైతే విడుదల తేదీని మూడు వారాల తర్వాతకు పెట్టుకుని, ఆ ఫారం నింపి, ఇక దాని జోలికి పోను.

డబ్బు మాటకొస్తే, 2024 నుంచి అక్కడ ఒక పాటకు గత 12 నెలల్లో కనీసం 1000 స్ట్రీములు ఉంటేనే రాయల్టీ లెక్కలోకి వస్తుంది. మనలాంటివాళ్ల పాటల్లో చాలా వాటికి వచ్చేది సున్నా అన్నమాట. అది తెలిసి వెళ్తే బాధ ఉండదు. సౌండ్‌క్లౌడ్ అనే మరో స్ట్రీమింగ్ చోటు 2021లో వేరే లెక్క తెచ్చింది: ఒక శ్రోత కట్టిన డబ్బు పెద్ద కుండలో పడిపోకుండా, ఆ శ్రోత నిజంగా విన్నవాళ్ల మధ్యే పంచుతారు. తక్కువమంది ఎక్కువసార్లు వినే పాటలకు ఇది న్యాయమైన పద్ధతి.

అయితే నా రెండో ప్రశ్న దగ్గర స్ట్రీమింగ్ చేతులెత్తేస్తుంది. ఏ నగరంలో ఎంతమంది విన్నారో చెబుతుంది కానీ ఒక్క పేరు చెప్పదు, ఒక్కరికీ ఉత్తరం రాయనివ్వదు. అర్ధరాత్రి ఎవరో మీ పాట పద్నాలుగుసార్లు విని ఉండవచ్చు. మీకు కనిపించేది గ్రాఫులో చిన్న ఎత్తు మాత్రమే.

ఇక్కడే ఒక హెచ్చరిక. "నెలకు ఇన్ని వేల స్ట్రీములు గ్యారంటీ" అని మెయిల్ పెట్టేవాళ్ల జోలికి వెళ్లకండి. ఆ గ్యారంటీ వెనక ఉండేవి ఎక్కువగా బాట్లే, అంటే మనుషులు కాదు, విన్నట్టు నటించే ప్రోగ్రాములు. దొంగ స్ట్రీములు బయటపడితే పాట తీసేస్తారు. స్పాటిఫై 2024 నుంచి బాహాటంగా దొంగ స్ట్రీములు పడిన పాటకు ఇంత అని డిస్ట్రిబ్యూటర్ల మీద జరిమానా కూడా వేస్తోంది. డిస్ట్రిబ్యూటర్ ఆ భారం మీ మీదికే తోయవచ్చు.

నాకు కుర్చీ చప్పుడు గురించి రాసిన మనిషి దొరికింది బ్యాండ్‌క్యాంప్‌లో. 2008లో మొదలైన ఈ చోటు దుకాణంలా పనిచేస్తుంది. వచ్చినవాళ్లు వింటారు, నచ్చితే కొంటారు, కొనేటప్పుడు ఒక మాట రాయవచ్చు. కొన్నవాళ్ల మెయిల్ చిరునామా మనకు అందుతుంది. డిజిటల్ అమ్మకం మీద 15 శాతం వాళ్లు తీసుకుంటారు, అమ్మకాలు 5000 డాలర్లు దాటితే అది 10 శాతానికి దిగుతుంది. క్యాసెట్లు, టీషర్టుల లాంటి వాటి మీద 10 శాతం. కార్డు ఖర్చులు వేరు. 2020 మార్చిలో బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే అని మొదలుపెట్టారు, ఆ శుక్రవారాల్లో తమ వాటా వదులుకుంటారు.

ధర దగ్గర నసిగేవాళ్లకు అక్కడ "మీకు తోచినంత" అనే పద్ధతి ఉంది. సున్నా పెట్టినా పాట దక్కుతుంది, ఎక్కువ ఇచ్చినా కాదనరు. నా ఆల్బమ్‌ను చాలామంది ఉచితంగానే తీసుకున్నారు. కొందరు మాత్రం నేను అడిగే ధైర్యం చేయనంత ఇచ్చారు.

లోటు ఏమిటంటే, అక్కడికి దారి తెలిసినవాళ్లే వస్తారు. ట్యాగులు పట్టుకుని వెతికే సంగీత పిచ్చివాళ్లు కొందరుంటారు, వాళ్లు బంగారం. కానీ మీ పక్కింటావిడ బ్యాండ్‌క్యాంప్ తెరిచే అవకాశం తక్కువ. పైగా ఇల్లు మనది కాదు. 2022లో దాన్ని ఎపిక్ గేమ్స్ అనే గేముల కంపెనీ కొంది, 2023లో సాంగ్‌ట్రాడర్ అనే సంగీత లైసెన్సుల కంపెనీకి అమ్మేసింది, ఆ చేతులు మారినప్పుడు సిబ్బందిలో దాదాపు సగం మంది ఉద్యోగాలు పోయాయి. రేపు వాటా ఎంత ఉంటుందో చెప్పేది మనం కాదు.

అందుకని సొంత వెబ్‌సైట్, ఒక ఉత్తరాల జాబితా (మన మెయిళ్లు కావాలన్నవాళ్ల చిరునామాలు). ఇది వినడానికి పాతకాలం సలహా. అయినా నా ఓటు దీనికే ఎక్కువ. సైట్ అంటే హంగులు అక్కర్లేదు: పాటలు, సాహిత్యం, మెయిల్ చిరునామా ఇచ్చే ఒక గడి. ఫెయిర్‌క్యాంప్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఆడియో ఫైళ్లున్న ఫోల్డర్ ఇస్తే దాన్ని వినదగ్గ సైట్‌గా మార్చి ఇస్తుంది. కాస్త కంప్యూటర్ ఓపిక కావాలి.

ఉత్తరం దగ్గర చాలామంది చేసే తప్పు, దాన్ని కూడా పోస్టులాగే రాయడం. "కొత్త పాట వచ్చేసింది, వినండి, షేర్ చేయండి" అని రాస్తే డప్పు వీధిలోంచి ఇంట్లోకి వచ్చినట్టే. నేను మూడు నెలలకోసారి రాస్తాను. మొదటిసారి పంపింది పదకొండు మందికి. మైకును అలమరాలో వేలాడే కోట్ల మధ్య పెట్టి పాడితే గొంతు ఎందుకు మెత్తగా వినిపించిందో రాశాను, చివర్లో పాట లింకు ఒకటి పెట్టాను. ముగ్గురు జవాబిచ్చారు. అందులో ఒకరు తన చెల్లో వాయిద్యంలో ఏదో తీగ చలికి శ్రుతి దిగిపోతోందని నాలుగు పేరాలు రాశారు. పదకొండులో మూడు! ఇంతవరకు నా ఏ పోస్టూ ఆ పాళ్లలో పలకలేదు.

రెండు జాగ్రత్తలు. అడగకుండా ఎవరి చిరునామా జాబితాలో వేయకండి, అది స్నేహితుడిదైనా సరే. జవాబు ఇవ్వడానికి వీల్లేని చిరునామా నుంచి పంపకండి, అసలు మనకు కావాల్సిందే జవాబు.

ఈ ఆలోచన ఇంటర్నెట్ కంటే పాతది. 1980ల్లో బ్రూక్లిన్‌కు చెందిన దే మైట్ బీ జెయింట్స్ అనే ఇద్దరు సభ్యుల బృందం డయల్ ఎ సాంగ్ అని ఒకటి నడిపింది. ఇంట్లో ఆన్సరింగ్ మెషీన్‌లో తమ పాట ఎక్కించి, ఆ నంబరును పత్రికలో చిన్న ప్రకటనగా వేయించారు. ఫోన్ చేసినవాళ్లకు పాట వినిపించేది. ఎవరి ఇంటికీ వెళ్లి తలుపు కొట్టలేదు, ఒక తలుపు తెరిచి పెట్టారు, అంతే. మన ఉత్తరాల గడి కూడా అలాంటి తలుపే.

మనుషుల ముందు పాడటం గురించి. ఆన్‌లైన్‌లో నోరు పెగలని వాళ్లలో చాలామంది ఎదురుగా మనిషి ఉంటే బాగానే మాట్లాడతారు. మీరు ఆ రకమైతే ఈ పోలిక మొత్తం ఇక్కడే తేలిపోతుంది: ఇంటి కచేరీ చూసుకోండి. ఒకరి హాల్లో ఇరవై, ముప్పై మంది, మైకు అక్కర్లేదు, మధ్యలో విరామంతో రెండు భాగాలు. జనాన్ని పిలిచే పని ఆ ఇంటివాళ్లది. అంటే మీ తరఫున మాట్లాడేది ఇంకో మనిషి, అది కూడా వచ్చేవాళ్లకు తెలిసిన మనిషి. ఏ అల్గారిథమ్‌కూ ఆ పరపతి లేదు. అసలు సంగతి విరామంలో జరుగుతుంది. నీళ్ల గ్లాసు పట్టుకుని ఎవరో వచ్చి "ఆ రెండో పాట మా అన్నయ్య గురించా?" అన్నట్టు అడుగుతారు. ఆ పది నిమిషాలు తప్పించుకుని లోపలి గదిలో కూర్చుంటే ఇంటి కచేరీ చేసిన ఫలితం సగం పోతుంది.

ఇంటివాళ్లతో ముందే మాట్లాడుకోవాల్సినవి: టికెట్టా, డబ్బాలో ఎవరికి తోచింది వారు వేయడమా, వచ్చింది మొత్తం కళాకారుడికేనా, పక్కింటివాళ్లకు చెప్పారా. 2009లో లండన్‌లో మొదలైన సోఫార్ సౌండ్స్ ఇలాంటి చిన్న గదుల కచేరీలనే ఒక సంస్థగా నడుపుతోంది. అక్కడ ఎవరు పాడబోతున్నారో శ్రోతలకు ముందుగా చెప్పరు. పేరు లేనివాళ్లకు అది వరం, ఎందుకంటే మీ పేరు చూసి రాకుండా ఉండే అవకాశమే ఎవరికీ లేదు. ఎంత ఇస్తారన్నది మాత్రం ఒప్పుకునే ముందే అడిగి తెలుసుకోండి.

ఓపెన్ మైక్, అంటే ఎవరైనా వచ్చి పాడగలిగే వేదిక, దీనికి చుట్టమే, కానీ అక్కడ వినేవాళ్లలో సగం మంది తమ వంతు కోసం కూర్చున్నవాళ్లు. మొదటి రెండుసార్లు పాడకుండా వెళ్లి, బాగా పాడినవాళ్లకు ఆ మాట చెప్పి రండి. మూడోసారి మీరు పాడేటప్పుడు తేడా మీకే తెలుస్తుంది.

నేను ఆలస్యంగా కనుక్కున్న దారి ఒకటుంది, అది సాటి పాటగాళ్ల దారి. ఫిబ్రవరి ఆల్బమ్ రైటింగ్ మంత్ అని 2004 నుంచి నడుస్తోంది. ఫిబ్రవరి 28 రోజుల్లో 14 పాటలు రాయాలి, అంటే రెండు రోజులకొకటి. ఎవరూ గెలవరు, బహుమతి లేదు. ఆర్‌పీఎం ఛాలెంజ్ అని ఇంకోటి, అది కూడా ఫిబ్రవరే, అందులో 10 పాటలు లేదా 35 నిమిషాల సంగీతం చేయాలి. మాటలు లేని సంగీతం, శబ్దాలతో ఆటలు ఇష్టపడేవాళ్లకు డిస్‌క్వయెట్ జంటో ఉంది. దాన్ని మార్క్ వైడెన్‌బామ్ అనే ఆయన 2012 జనవరిలో మొదలుపెట్టారు. ప్రతి గురువారం ఒక పని ఇస్తారు, నాలుగైదు రోజుల్లో చేసి పెట్టాలి. మొట్టమొదటి పని ఏమిటో తెలుసా? గ్లాసులో ఐసు ముక్క గలగలలాడే చప్పుడు రికార్డు చేసి, దాంతో ఏదో ఒకటి చేయడం.

ఇక్కడ సొంత డప్పు ఎందుకు అవసరం లేదంటే, అందరి చేతిలో అదే ఐసు ముక్క ఉంటుంది. ఎదుటివాడు దాంతో ఏం చేశాడో వినాలని మీకూ ఉంటుంది, వాళ్లకూ ఉంటుంది. మీ పాట గురించి చెప్పుకోవడం కాదు, పక్కవాడి పాట విని రెండు మాటలు రాయడం ఇక్కడ పద్ధతి. నేను ఒక ఫిబ్రవరిలో తొమ్మిది పాటలే చేయగలిగాను, అందులో ఏడు చెత్త. కానీ ఆ నెలలో నా పాటల్ని విన్నవాళ్లు రాసినవి నిజమైన మాటలు: "బ్రిడ్జ్ దగ్గర ఒక్క బార్ ఎక్కువ ఉంది, కావాలనే పెట్టావా?" లాంటివి (బ్రిడ్జ్ అంటే పాటలో వేరే రకంగా సాగే మధ్య భాగం, బార్ అంటే తాళంలో ఒక చుట్టు). "సూపర్" అన్న వందమంది కంటే ఆ బార్ లెక్కపెట్టిన ఒక్కడు నాకు దగ్గర.

లోపం కూడా చెప్పాలి. ఇక్కడ వినేవాళ్లంతా పాటలు కట్టేవాళ్లే. ఒక్కోసారి వంటవాళ్లంతా ఒకరికొకరు వడ్డించుకుంటున్నట్టు ఉంటుంది. ఏమీ వాయించడం రాని మామూలు శ్రోత కోసం తపించేవాళ్లకు ఇది ఒక్కటే చాలదు.

పాటను ఇంకొకరి పనిలో కలిపేయడం మరో దారి. షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్లకు, పాడ్‌కాస్ట్ చేసేవాళ్లకు, చిన్న గేములు చేసేవాళ్లకు సంగీతం ఎప్పుడూ కావాలి. క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో పాట పెడితే వాళ్లు అడగకుండానే వాడుకోవచ్చు, మీ పేరు వేస్తారు. బై (BY) అనే రకంలో వ్యాపారానికీ వాడుకోవచ్చు, బై ఎన్‌సీలో (BY-NC) వ్యాపారానికి కుదరదు. రెండు సంగతులు ముందే తెలుసుకోండి. ఒకసారి ఇచ్చిన లైసెన్సును, తీసుకున్నవాళ్ల నుంచి వెనక్కి లాక్కోలేం. ఇంకోటి, అదే పాటకు డిస్ట్రిబ్యూటర్ దగ్గర యూట్యూబ్ కంటెంట్ ఐడీ (వీడియోల్లో మీ పాటను తనే గుర్తుపట్టే ఏర్పాటు) ఆన్ చేసి ఉంటే, మీరు వాడుకోమన్న మనిషి వీడియో మీదే కాపీరైట్ క్లెయిమ్ పడుతుంది. స్నేహం అక్కడితో సరి. రాయల్టీలు వసూలు చేసే సంఘంలో మీరు సభ్యులైతే వాళ్ల నిబంధనలు కూడా చూడాలి.

కమ్యూనిటీ రేడియో, కాలేజీ రేడియో గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు కానీ పిరికివాళ్లకు మంచి చోటు. ఆ కార్యక్రమం రెండు మూడు వారాలు నిజంగా వినండి. తర్వాత సమర్పకుడికి ఐదు వాక్యాల మెయిల్, ఒక్క పాట లింకు, పాట నిడివి, అందులో బూతులు లేవని ఒక మాట. ఆల్బమ్ మొత్తం అంటగట్టకండి. ఆయన పాట వేస్తే, మీ గురించి మాట్లాడేది ఆయన. వేయకపోతే మీకు పోయింది ఒక మెయిల్.

డబ్బు కట్టి పాటను క్యూరేటర్లకు (ప్లేలిస్టులు, బ్లాగులు నడిపేవాళ్లకు) పంపే సబ్మిట్‌హబ్ లాంటివి 2015 నుంచి ఉన్నాయి. జవాబు సాధారణంగా వస్తుంది, అయితే ఎక్కువగా "మాకు సరిపోదు" అనే. చర్మం మందంగా ఉంటే సరే.

ప్యాట్రియాన్ గురించి చాలామంది నన్ను అడుగుతారు. పాంప్లమూస్ బృందంలోని జాక్ కాంటే 2013లో స్థాపించారు, ఉద్దేశం మంచిదే: అభిమానులు నెలనెలా ఇచ్చే చందాతో కళాకారుడు బతకాలి. కానీ మీరు కనపడాల్సిన అవసరం నుంచి పారిపోతున్నవాళ్లయితే ఇది పెనం మీంచి పొయ్యిలో పడటమే. నెలనెలా డబ్బు తీసుకుంటున్నప్పుడు నెలనెలా ఏదో ఒకటి చూపించాలన్న టెన్షన్ మొదలవుతుంది. ఉత్తరానికి జవాబు రాసేవాళ్లు ఓ యాభై మంది పోగయ్యాక, వాళ్లే "ఎలా సాయం చేయాలి?" అని అడిగాక చూద్దాం.

చిన్న వీడియోలు తక్కువ కాలంలో ఎక్కువమందికి చేరతాయన్నది నిజం, కాదనను. అయితే ఒకటి పేలాక కూడా రెండోదానికి మళ్లీ మొదటి మెట్టు నుంచే ఎక్కాలి. కెమెరా ముందు హుషారుగా ఉండేవాళ్లకు అది ఆటలాంటిది, వాళ్లు ఈ వ్యాసం ఇంతదాకా చదివి ఉండరు.

మరి ఎవరికి ఏది? సంఖ్య పెరగడమే కావాలి, ఎవరు విన్నారన్నది పట్టదు అంటే స్ట్రీమింగ్, పిచ్ ఫారం, రేడియో మెయిళ్లు. ఎదురుగా మాట్లాడగలరు కానీ తెర మీద కుదరదంటే ఇంటి కచేరీ, వచ్చినవాళ్ల చిరునామాలు రాసుకోవడానికి తలుపు దగ్గర ఒక నోటుపుస్తకం. ఎదురుగానూ వద్దు, తెర మీదా వద్దు అనేవాళ్లున్నారు, నేను సగం ఆ జాతే. అలాంటివాళ్లు ఏడాదికి ఒక్క ఫిబ్రవరి సవాలు, మూడు నెలలకో ఉత్తరం పెట్టుకుని మిగతావన్నీ వదిలేయవచ్చు. ఏడాదికి నలభై పాటలు చేసేవాళ్లకు క్రియేటివ్ కామన్స్ బాగా కలిసొస్తుంది, మూడేళ్లకు ఒక ఆల్బమ్ చెక్కేవాళ్లకు కాదు, వాళ్లు బ్యాండ్‌క్యాంప్‌లో సరైన ధర పెట్టుకోవడం మేలు.

ఏది ఎంచుకున్నా ఏడాది ఇవ్వండి. నెలకోసారి దారి మారిస్తే మళ్లీ అన్నిచోట్లా కొత్త ముఖమే అవుతారు. లెక్కలు చూసుకోవడానికి వారంలో ఒక రోజు పెట్టుకోండి. నాది ఆదివారం సాయంత్రం, పది నిమిషాలు, తర్వాత ఆ యాప్ ఫోన్‌లోంచి తీసేస్తాను, మళ్లీ ఆదివారం ఎక్కిస్తాను. పిచ్చిగా ఉంటుంది కానీ పనిచేస్తోంది.

ఇంకొక్క పని, ఇది దారి ఏదైనా తప్పదు. 2019లో మైస్పేస్ అనే ఒకప్పటి పెద్ద సోషల్ నెట్‌వర్క్ తమ సర్వర్లు మార్చే క్రమంలో ఏళ్ల తరబడి జనం ఎక్కించిన పాటల్ని పోగొట్టుకున్నామని ఒప్పుకుంది. పోయినవి 5 కోట్ల పాటలకు పైనే అని అంచనా. చాలామందికి అక్కడున్నదే ఏకైక కాపీ. ఈ వారాంతం మీ అసలు డబ్ల్యూఏవీ ఫైళ్లు, విడివిడి ట్రాకులు, సాహిత్యం, రికార్డు చేసిన తేదీ ఒక ఫోల్డర్‌లో పెట్టి రెండు వేర్వేరు డిస్కుల్లోకి ఎక్కించండి. రెండో డిస్కు మీ ఇంట్లో కాకుండా మీ ఉత్తరాలకు జవాబిచ్చే స్నేహితుడి దగ్గర ఉంచండి.